అరటిపండుకూ చోటున్న ఆట

‘కలిసి ఆడుకోండి’ అని నాలుగైదేళ్ల పిల్లలకు చెప్పడం తేలిక. ఎలా కలవాలో చేతికీ నోటికీ అలవాటు చేయడమే కష్టం. ఆ పనిని మన పాత వీధి ఆటలు ఎంత నేర్పుగా చేస్తాయో చూడండి.

ముందు, దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేయడం. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేయి వెల్లకిలానో బోర్లానో పెడతారు. మిగతా ఇద్దరికీ భిన్నంగా పెట్టినవారు పండినట్టు. చివరికి ఇద్దరే మిగిలితే దొంగ ఎవరో తేలదు. అప్పుడు పండినవాళ్లలో ఒకరు తిరిగొచ్చి మూడో చెయ్యి కలుపుతారు. తన గండం గడిచాక కూడా తోటివాళ్ల కోసం రావడం ఆ ఆటలో నియమం. దొంగను తేల్చేది పంటలే కాబట్టి, బంతి తెచ్చినవాడి పెత్తనం అక్కడ సాగదు.

ఒప్పులకుప్పలో ఇద్దరూ చేతులు అడ్డంగా మార్చి పట్టుకుని, పాదాలు దగ్గరగా చేర్చి, వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు. ఒకరి బరువు మరొకరు ఆపాలి. ఎవరు వదిలినా ఇద్దరూ పడతారు. నమ్మకం అంటే ఏమిటో ఒంటికే తెలుస్తుంది.

అన్నింటికంటే నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఆటలో అరటిపండు. అక్క వెంట వచ్చిన పసిది అందరితో పరిగెడుతుంది, దొరికినా అవుట్ కాదు. ఆట చెడదు, పసిది ఏడవదు. చూస్తూ చూస్తూ నియమాలన్నీ దానికి వంటబడతాయి. అలసినవాడు ‘టైంప్లీజ్’ అంటే తరిమేవాడు ఆగుతాడు. ఆ ఒక్క మాటతో అడగడమూ, మన్నించడమూ రెండూ అలవాటవుతాయి.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే గోలీలాడే పిల్లలను పరిశీలించి, 1932లో వెలువరించిన పుస్తకంలో ఆట నియమాలు పిల్లలకు ఎలా అర్థమవుతాయో చర్చించాడు. తోటివారితో సమానంగా ఆడుతుంటేనే, నియమమంటే పెద్దల ఆజ్ఞ కాదనీ, తమ మధ్య ఒప్పందమనీ పిల్లలకు తెలిసొస్తుంది.

సికింద్రాబాద్‌లో దుకాణాలూ బండ్లూ కిక్కిరిసిన రాంగోపాల్‌పేట్ లాంటి పేటల్లో వీధి ఇప్పుడు పిల్లల చేతిలో లేదు. అందుకే 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకంలో భాగంగా మూడు నుంచి ఆరేళ్లవారికి పూర్వ ప్రాథమిక విద్య నేర్పే అంగన్‌వాడీలు ఈ ఆటలకు ఇల్లు కావాలి. పంటలకు పైసా ఖర్చు లేదు, గదిలో ఓ మూల చాలు. టీచరమ్మ ఒకసారి ఆడి చూపించి పక్కకు తప్పుకోవాలి. తగువొస్తే వెంటనే తీర్పు చెప్పకుండా, ‘మళ్లీ పంటలేద్దాం’ అని పిల్లలే అనేదాకా ఓపిక పట్టాలి. ఆ మాట వాళ్ల నోట వచ్చిందంటే చదువు సగం అబ్బినట్టే.