పూడికకు విలన్ లేడు

మార్క్ రైస్నర్ ‘కాడిలాక్ డెజర్ట్’ (1986) చదివినవాళ్ళు ముందుగా మాట్లాడేది అందులోని మనుషుల గురించే. ఓవెన్స్ లోయ నీళ్ళని 1913కల్లా లాస్ ఏంజెలస్‌కి తరలించుకుపోయిన విలియం ముల్‌హాలండ్. డ్యామ్‌లు కట్టే ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్‌ని 1959 నుంచి 1969 దాకా తన జాగీరులా నడిపిన ఫ్లాయిడ్ డామినీ. ఆ బ్యూరోతో పంతానికి పోయి తనూ డ్యామ్‌లు కట్టిన ఆర్మీ ఇంజనీర్ల విభాగం. అమెరికా పడమటి ఎడారుల్లో నీటి చరిత్ర అనగానే ఆవలించే పాఠకుణ్ణి కూడా కూచోబెట్టి చదివిస్తాడు రైస్నర్. పుస్తకం బలం అదే. లోపం కూడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

రైస్నర్ కథనంలో ప్రతి వైఫల్యానికీ ఒక పేరుంటుంది, ఒక తేదీ ఉంటుంది. 1928 మార్చి 12న ముల్‌హాలండ్ సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్‌ని తనిఖీ చేసి, ఫర్వాలేదని చెప్పి వెళ్ళాడు. అర్ధరాత్రి కాకముందే అది కూలి 400 మందికి పైగా చనిపోయారు. 1976 జూన్ 5న బ్యూరో కట్టిన టీటన్ డ్యామ్ మొదటిసారి నిండుతూనే తెగింది, 11 మంది పోయారు. ఇలాంటి చోట్ల ఆయన కలం పరుగులు తీస్తుంది.

లెక్కల దగ్గర కూడా ఆయన గట్టివాడే. 1922 ఒప్పందంలో కొలరాడో నదిని ఎగువ, దిగువ పరీవాహకాలకు చెరో 75 లక్షల ఎకరా-అడుగులు పంచారు. 1944లో మెక్సికోకి మరో 15 లక్షలు ఒప్పుకున్నారు. మన కొలతలో మొత్తం దాదాపు 719 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కదానికే 811 ఇచ్చింది. అంటే ఏడు రాష్ట్రాలూ మెక్సికో కలిసి కొట్టుకుంటున్న నీళ్ళు మన ఒక్క రాష్ట్రం వాటాకన్నా తక్కువ! పైగా ఆ కాస్త కూడా నదిలో లేదు. వానలు బాగా పడిన ఏళ్ళ ప్రవాహాన్ని సగటు అనుకుని పంచేసుకున్నారు.

కానీ నీళ్ళతోపాటు నది మట్టిని కూడా మోస్తుంది. కొలరాడో అంటేనే స్పానిష్‌లో ఎర్రటిది అని అర్థం. ఏ జలాశయమైనా ఎప్పటికో ఒకప్పటికి పూడిపోక తప్పదన్న మాట రైస్నర్ చెప్తాడు, అయితే పుస్తకం చివరికొచ్చాక, కొద్ది పేజీల్లో. డామినీకి దొరికిన చోటుతో పోలిస్తే అది ఏ మూలకీ రాదు. ఎందుకంటే పూడికకు ముఖం లేదు. సర్వర్‌లో లాగ్ ఫైళ్ళు పేరుకున్నట్టు రోజూ కొంచెం చేరుతుంది, డిస్క్ నిండేదాకా ఎవరికీ పట్టదు.

నిజానికి కథ అక్కడే చిక్కగా ఉంది. 1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు మూశాక, దిగువన హూవర్ డ్యామ్ వెనక చేరాల్సిన మట్టి చాలావరకు పైనే ఆగిపోయింది. పై డ్యామ్ తన ఆయుష్షు పోసి కింది డ్యామ్‌ని బతికిస్తోంది. రెండింటి మధ్యనున్న గ్రాండ్ కాన్యన్‌లోకి మాత్రం మట్టి లేని చల్లటి నీళ్ళు వస్తున్నాయి. కొత్త ఇసుక రాక ఒడ్డున తిన్నెలు కొట్టుకుపోతుంటే, 1996లో వారం రోజులపాటు 45,000 క్యూసెక్కులు వదిలి అడుగునున్న ఇసుకని మళ్ళీ ఒడ్డుకి ఎక్కించే ప్రయత్నం చేశారు. నదిని అదుపు చేయడానికి కట్టిన డ్యామ్ నుంచే పనిగట్టుకుని వరద సృష్టించాల్సి వచ్చింది!

రైస్నర్ భయపెట్టినంత ఏమీ జరగలేదు కదా అనొచ్చు. 2018 నాటికి గ్లెన్ కాన్యన్ జలాశయం లేక్ పావెల్ పూడికవల్ల కోల్పోయింది 6.8 శాతమే. నిజమే. అది వెయ్యి టీఎంసీలు దాటిన జలాశయం, అంత తొందరగా పూడదు.

మన తుంగభద్ర సంగతి అలా కాదు. 1953లో 133 టీఎంసీలు పట్టిన డ్యామ్‌లో ఇప్పుడు పట్టేది దాదాపు 105.8. ఐదో వంతు మట్టిపాలయింది. ఆ తేడా 27 టీఎంసీలూ వరదొచ్చినప్పుడు దిగువకి పోతాయి, వేసవిలో రాయలసీమ కాలువల్లో కనబడవు. 2024 ఆగస్టు 10 రాత్రి ఇదే డ్యామ్‌లో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోతే రోజుల తరబడి అదే వార్త, తప్పెవరిదన్న చర్చ. జరగాల్సిందే. వారం రోజుల్లో ఆ ఖాళీని స్టాప్‌లాగ్‌లతో మూశారు కూడా. మట్టి మింగిన 27 టీఎంసీలకి అలాంటి రాత్రి ఒక్కటీ లేదు, అందుకే పతాక శీర్షికా లేదు.

రైస్నర్‌ని తప్పుపట్టడం తేలికే, కానీ కరువు గురించి చదివేటప్పుడు మనమూ వెతికేది దోషినే. దొరికితే కోపం వస్తుంది, దొరక్కపోతే పేజీ తిప్పేస్తాం. ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరిగే నష్టాన్ని విసుగు పుట్టించకుండా చెప్పే వచనం ఆయనకీ పూర్తిగా చిక్కలేదు, మనకీ ఇంకా రాలేదు. అయినా ఈ పుస్తకం చదవాల్సిందే. డామినీ అధ్యాయం ఎలాగూ ఒక్క రాత్రిలో అయిపోతుంది. చివర్లో మట్టి, ఉప్పు గురించి రాసిన పేజీలు మాత్రం ఆగి ఆగి చదవండి, తుంగభద్రని మనసులో పెట్టుకుని.