నాడె తగిలిన చోట

మరమగ్గం నడుస్తుండగా నాడె గురితప్పి ఎగిరితే, పక్క మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి మోచేతికో తొడకో తగులుతుంది. తిరుత్తణి పక్కన పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, పళ్ళిపట్టు షెడ్లలో ఆ దెబ్బ ఎరగనివాళ్ళు తక్కువ. చర్మం చిట్లదు, నెత్తురు బయటికి రాదు. "మూగదెబ్బేలే అన్నా, ఏం కాదు" అంటూ మళ్ళీ పనిలో పడతారు. ఆ మాట వింటే నాకు భయం. అందుకే షెడ్‌లోకి వెళ్ళగానే నా చూపు ముందు చేతుల మీదికే పోతుంది.

లోపల సన్నటి నెత్తురు నాళాలు తెగి, నెత్తురు కండలోకి ఇంకుతుంది. మొదట ఎర్రగా, తర్వాత నల్లగా కమిలి, వారానికి పచ్చబారి, పసుపు తిరిగి, సుమారు రెండు వారాల్లో పోతుంది. మన వాళ్ళు వెంటనే చేసేది నూనె రాసి రుద్దడం, ఉప్పుమూటతో కాపడం పెట్టడం. మొదటి రెండు రోజులు ఆ రెండూ వద్దు, నెత్తురు ఇంకా ఊరుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టి, చేతిని ఎత్తులో ఉంచాలి. కాపడం ఆ తర్వాతే.

నగరి దాటితే పుత్తూరు. ఎముక విరిగిందేమోనని అనుమానం రాగానే అందరూ కట్టుకు అక్కడికే బయలుదేరతారు. అక్కడ కట్టు కట్టేవాళ్ళ చేతి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ వాపు పెరుగుతున్న చేతికి ఎవరు బిగించి కట్టినా ప్రమాదమే. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు చాచితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టినా కట్టు విప్పించుకుని అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కండకు నెత్తురు అందకపోతే కొన్ని గంటల్లోనే చచ్చుబడుతుంది. తెల్లారనివ్వకండి. తలకో కడుపుకో గట్టిగా తగిలితే పైకి ఏమీ కనపడకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

ఇంకొక సంగతి. కమిలిన మచ్చ మాయమయ్యాక చూపించడానికి ఏమీ మిగలదు. ఈఎస్ఐ ఉన్నచోట పనిలో దెబ్బ తగిలి పనికి పోలేకపోతే కూలిలో 90 శాతం దాకా వస్తుంది. చట్టం ఇచ్చిన హక్కు అది. దానికోసం ఆరోజే ప్రమాదాల పుస్తకంలో రాయించుకోవాలి, ఫోనులో ఫోటో తీసుకోవాలి. ఇంటి వసారాలో నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాళ్ళకు ఆ ఆసరా కూడా లేదు, వాళ్ళను తలుచుకుంటే బాధేస్తుంది.

నాడె ఎగరకుండా మగ్గానికి అడ్డుకమ్మీ ఉంటుంది. దారం అతకడానికి అడ్డమని దాన్ని ఊడదీసి మూలన పడేస్తే, షెడ్డు యజమానులారా, మళ్ళీ బిగించేదాకా ఆ మగ్గం నడపకండి.