విర్త్ విన్నపం: ఎంత సాఫ్ట్‌వేర్ చాలు?

కొత్త కంప్యూటర్ పాతదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా లెక్కలు చేస్తుంది. అయినా అందులో ఉత్తరం రాసే ప్రోగ్రాము తెరుచుకోవడానికి మనం ఇంకా ఎందుకు ఎదురుచూడాల్సి వస్తోంది? ఈ ప్రశ్నను 1995 ఫిబ్రవరిలోనే 'కంప్యూటర్' పత్రికలో లేవనెత్తినవారు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్. పాస్కల్ భాషను సృష్టించి, 1984లో ట్యూరింగ్ పురస్కారం పొందిన ఈ ఆచార్యులు 2024 జనవరి 1న కన్నుమూశారు. 'ఎ ప్లీ ఫర్ లీన్ సాఫ్ట్‌వేర్' అనే ఆ వ్యాసం కొద్ది పేజీలే. కంప్యూటర్ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ దాన్ని చదవాలి. అయితే కళ్లు మూసుకుని ఒప్పేసుకోకూడదు.

విర్త్ వాదన సూటిగా ఉంటుంది. 1970 ప్రాంతంలో ఒక టెక్స్ట్ ఎడిటర్‌కు 8,000 బైట్ల మెమరీ సరిపోయేది. 1995 నాటికి దానికి వంద రెట్లు కావలసివచ్చింది. మరి అది చేసే పని వంద రెట్లు పెరిగిందా? లేదు. మెమరీ చౌకగా దొరకడంతో పొదుపు చేయవలసిన అవసరం తప్పిపోయింది. ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్లు, యంత్రం ఎంత పెరిగితే ప్రోగ్రాము అంత ఉబ్బింది. తప్పనిసరి సౌకర్యానికీ, ఉంటే బాగుంటుందనిపించే సౌకర్యానికీ తేడాను కొనేవారు గుర్తించలేరు, అమ్మేవారు గుర్తుచేయరు.

విర్త్ మాటలతో ఆగిపోలేదు. సహచరుడు యుర్గ్ గుట్‌క్నెక్ట్‌తో కలిసి జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో 1980ల చివర్లో ఒబెరాన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించారు. కంపైలర్, ఎడిటర్, తెరపై కిటికీల ఏర్పాటు అన్నీ కలిపి 200 కిలోబైట్ల లోపే! ఆ కిటికీలు ఒకదానిపై ఒకటి పడవు. నేలమీద పరచిన బండల్లా పక్కపక్కనే ఉంటాయి. తెరపై కనిపించే ఆజ్ఞ పేరును మౌస్‌తో నొక్కితే చాలు, పని జరుగుతుంది. 2013లో, 79 ఏళ్ల వయసులో, తానే రూపొందించిన ప్రాసెసర్‌పై 1 మెగాబైట్ మెమరీతో దాన్ని మళ్లీ నడిపించి చూపారు. ఒక విద్యార్థి మొత్తం వ్యవస్థను చదివి అర్థం చేసుకోగలగడమే దీని గొప్పతనం.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ తెలుగు పాఠకులుగా మనం ఒక ప్రశ్న వేయాలి. 'లక్ష్మి' అనే మాట తీసుకోండి. రోమన్ లిపిలో ఏడు అక్షరాలు, ఏడు బైట్లు. తెలుగులో కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు. వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 21. అంతేనా? క తలకట్టు తీసి, వరుసలో చిట్టచివర ఉన్న గుడిని దాని తలపై పెట్టాలి. ష, మ లను వత్తులుగా మార్చి అమర్చాలి. ఇందుకు ప్రత్యేక ప్రోగ్రామూ, తగిన ఫాంటూ ఉండాలి. 8,000 బైట్ల ఎడిటర్‌లో వీటికి చోటు లేదు. చూపులేనివారికి తెరను చదివి వినిపించే ప్రోగ్రాము సంగతీ అంతే. ఒకరికి కొవ్వుగా కనిపించేది మరొకరికి కండ కావచ్చు. ఏది అవసరమో తేల్చేదెవరు అన్న ప్రశ్నను ఇంజనీరుకే వదిలేయడం విర్త్ వ్యాసంలోని ప్రధాన లోపం.

అయితే ఈ లోపం ఆయన వాదనను కొట్టివేయదు. తెలుగు ఫాంటు సాధారణంగా కొన్ని వందల కిలోబైట్లే. తెలుగును చూపడానికయ్యే ఖర్చుతో నేటి గిగాబైట్ల లెక్క తేలదు.

పైగా విర్త్ లెక్కలోకి రాని మరో నష్టం నేడు మన కళ్ల ముందుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు 4 గిగాబైట్ల మెమరీతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ కావాలి. ఇవి లేని యంత్రం చక్కగా పనిచేస్తున్నా పాతదైపోతుంది. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైంది 22.3 శాతమే. విర్త్ కాలం వృథా అవుతోందని బాధపడ్డారు. మనం వస్తువుల వృథా గురించీ ఆలోచించాలి.

కాబట్టి ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ బడిలోనో కళాశాలలోనో మూలపడిన కంప్యూటర్ ఉంటే, అధ్యాపకుల అనుమతితో తేలికపాటి లినక్స్ ఒకదాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోనక్కరలేదు. అందులో తెలుగు టైపు చేయండి. వత్తులూ గుడులూ సరిగ్గా కుదిరాయా? కుదిరితే విర్త్ గెలిచినట్లే. కుదరకపోతే, ఎక్కడ ఎంత చేర్చాలో, అంతకు మించి ఏదీ చేర్చకుండా కనిపెట్టడం మీ వంతు.