స్మృతివాక్యములందలి కాలవిచారము

మహాత్మాగాంధి నిర్యాణమును గూర్చిన స్మృతిరచనలలో నొక వాక్యము తఱచుగా గనబడును. ఆ వార్త చెవి సోకినప్పుడు కర్త యెక్కడ నుండెను, ఏమి చేయుచుండెను, ఎవరు చెప్పిరి యనునది. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలము 5 గంటలు దాటిన పిమ్మట ఢిల్లీలోని బిర్లాభవనమున జరిగిన ఘాతుకమును జూచినవారు ప్రార్థనకు వచ్చినవారు మాత్రమే. తక్కిన దేశమునకెల్ల నది శ్రుతము. అయినను వ్రాయువారు తమ వీధియరుగును, లాంతరును, చేతిలోని యన్నపుముద్దను గూడ వర్ణింతురు. ఇట్టి వర్ణనము చరిత్రకు బ్రమాణమా, కావ్యాంగమా?

ఈ సందేహము వైయాకరణులకు గ్రొత్తది కాదు. అనద్యతనభూతమున లఙ్ విధించు సూత్రముపై (అష్టాధ్యాయి 3-2-111) వార్తికకారుడొక విశేషమును జేర్చెను. ప్రయోక్త స్వయముగా జూడనిదైనను, లోకవిదితమై, వానికి జూడ వీలగు కాలమున జరిగినచో లఙ్ చెల్లును. యవనుడు సాకేతమును ముట్టడించుట భాష్యోదాహరణము. పతంజలి కాలనిర్ణయమునకు దీనిని బండితులు మిక్కిలి వాడుకొనిరి. ఉదాహరణము దేశోపద్రవమే యగుట నంతగా బట్టించుకొనలేదు. వాసుదేవుడు కంసుని జంపుట యట్లు కాదు, అక్కడ లిట్టే. మఱుసూత్రము మఱియు విచిత్రము: స్మరణార్థకపదము దాపున నున్నచో గడచినదానికే లృట్టు. దీనిని బట్టి స్మృతి గతమును గ్రొత్తగా నిర్మించునని సూత్రకారుడు తలచెననుట సాహసము. ఆతడు ప్రయోగమును మాత్రమే చెప్పెను.

ఆ మాట చెప్పినవారు నవీనులు. 1899లో అమెరికాయందు గోల్గ్రోవను శాస్త్రజ్ఞుడు, లింకనుని హత్య (1865) వినినప్పుడెక్కడ నుంటిరని 179 మందిని బ్రశ్నింపగా, 127 మంది వివరములతో జెప్పిరి. అవి నిజమో కాదో పరీక్షించు సాధనము వానికి లేదు. 1986 జనవరి 28న చాలెంజరు వ్యోమనౌక పేలిన మఱునాడే నైసరు, హార్షు అనువారు విద్యార్థులచే వ్రాయించి, రెండున్నర యేండ్లకు మరల వ్రాయించిరి. పెక్కురు వేఱు చోటును, వేఱు వార్తాహరుని జెప్పిరి. తమ దస్తూరిని జూపినను తొలికథ జ్ఞప్తికి రాలేదు. నైసరే పెరల్ హార్బరు వార్తను (1941 డిసెంబరు 7) రేడియోలో బేస్‌బాలు ఆట వినుచుండగా వింటినని చిరకాలము నమ్మి, డిసెంబరులో నా యాట యుండదని పిమ్మట గ్రహించెను.

లాక్షణికులు కాలవిరోధమును దోషములలో బరిగణించిరి. విజయవాడ రేడియోకేంద్రము 1948 డిసెంబరు 1న బ్రారంభమయ్యెను. గాంధిమరణవార్తను ఆ కేంద్రమునుండి వింటినని యెవడేని వ్రాసినచో నది కాలవిరుద్ధమే. ఆ వాక్యమును గొట్టివేయు సంపాదకుడు పొరపడును. విజయవాడను మదరాసుగా దిద్ది యచ్చొత్తించువాడు మఱింత పొరపడును. పాఠమును యథాతథముగా నుంచి, తేదీని క్రింద సూచింపవలెను. పత్రికవలననో, పొరుగువానివలననో వినినది వార్ధక్యమున రేడియోవాక్యముగా నెట్లు మాఱెనో యదియే సాహిత్యపరిశోధకునికి సామగ్రి.

శాకటాయనుడు రథమార్గమున గూర్చుండియు, ఎదుట బోవు బండ్లబిడారును గానలేదని భాష్యము. సన్నిధి వేఱు, ఉపలబ్ధి వేఱు. తాము గమనింపనిదానిని గూడ నొప్పుకొను స్మృతిరచనలే మేలైనవి; సర్వమును గంటినను రచన శంకనీయము.

పాఠశాలలో గాంధివధవాక్యమును సంస్కృతీకరింపుమని యిచ్చినచో నుపాధ్యాయుడు మొదట నడుగవలసినది ప్రయోక్త యెవడని. ఆనాడు జీవించియుండిన వృద్ధునికి లఙ్ చెల్లును. 1948కి బిమ్మట బుట్టిన బాలునికి, వాని తండ్రికి గూడ, లిట్టే.