వేలు పెట్టి చూపించగల అర్థం

అమూర్త చిత్రాల ముందు నిలబడగానే మన దగ్గర రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, “దీని అర్థమేంటి?” రెండోది, “మీకేం అనిపిస్తే అదే అర్థం.” మొదటిది ఆత్రం, రెండోది మర్యాద. ఏదన్నా సరే, బొమ్మని చూడాల్సిన పని తప్పిపోతుంది. అందుకే రెండూ నాకు నచ్చవు.

ఎస్.హెచ్. రజా సంగతి తీసుకుందాం. 1980 ప్రాంతం నుంచి, 2016లో చనిపోయేలోపు, ఆయన బిందువుని మళ్లీ మళ్లీ వేశారు. చిన్నప్పుడు తనకి నిలకడ కుదరడంలేదని బళ్లో మేష్టారు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ ఉండమన్నారని ఆయనే చెప్పుకున్నారు. బిందువంటే బీజం, సృష్టికి మొదలు. గ్యాలరీ గోడ మీద ఈ మాటలు చదివేశాక చాలామంది చూపు కాన్వాసు మీద ఆగదు. సమాధానం దొరికిపోయింది కదా! కానీ చుట్టూ ఉన్న రంగులు ఆ నలుపుని ముందుకి తోస్తున్నాయా, వెనక్కి లాగుతున్నాయా? అదే బీజమైతే ఒక బొమ్మలో బరువుగా, ఇంకోదాంట్లో తేలిగ్గా ఎందుకుంది? వీటికి ఆ గోడ మీది కాగితం జవాబు చెప్పదు.

వి.ఎస్. గాయ్‌తోండే (1924–2001) ఇలాంటి ఆసరా కూడా ఇవ్వరు. చాలా బొమ్మలకి పేరే లేదు. ‘అమూర్తం’ అన్న మాట ఆయనకి సరిపడలేదు, ‘నాన్-ఆబ్జెక్టివ్’ అనేవారు. రోలర్‌తో నూనెరంగు పొర మీద పొర వేయడం, ప్యాలెట్ నైఫ్‌తో గీకడం, చించిన కాగితం ముక్కల్ని రంగు మీద అద్ది లేపడం ఆయన పద్ధతి. వేసిన రంగులో కొంత తీసేయడం కూడా ఆయనకి చిత్రం గీయడంలో భాగమే.

ఆ బొమ్మల్లో కొందరికి సముద్రం కనిపిస్తుంది. ఆయనకి జెన్ మీద ఆసక్తి ఉండేది కాబట్టి కొందరికి ధ్యానం కనిపిస్తుంది. కనిపించనివ్వండి. నా పేచీ ఒకటే: ఎక్కడ కనిపించిందో వేలు పెట్టి చూపించాలి. సముద్రమే అయితే, 1960ల చివర్నుంచి ఆయన ఎక్కువగా నిలువు కాన్వాసుల మీద ఎందుకు వేసినట్టు? సముద్రానికి అడ్డంగా చోటు కావాలి కదా? ఈ ప్రశ్నతో మీ సముద్రం చెదిరిపోవచ్చు. లేదా తీరం నుంచి చూసే సముద్రం కాస్తా, నీళ్లలోకి దిగుతున్న లోతుగా మారొచ్చు. అలా మారితే ఆ అర్థానికి కాన్వాసే సాక్ష్యం.

చుక్కల ముగ్గుకి అర్థమేంటని మనమెవరం అడగం. అయినా ఒక్క చుక్క తప్పి గీత కలవకపోతే ఇట్టే పట్టేస్తాం. ఆ కన్ను మనకి ముందే ఉంది, గ్యాలరీ గుమ్మం దగ్గర చెప్పులతో పాటు వదిలేస్తున్నామంతే.

వదిలేస్తే ఏమవుతుంది? 2013లో ముంబై క్రిస్టీస్ వేలంలో గాయ్‌తోండే 1979 నాటి పేరులేని బొమ్మ ఒకటి 23.7 కోట్లకి పోయింది. “అంత పెట్టారంటే ఏదో ఉండే ఉంటుంది” అనుకోవడం కూడా ఒక రకం వ్యాఖ్యానమే. మనం చూడ్డం మానేసిన చోట ధరే అర్థమై కూర్చుంటుంది. “మీకేం అనిపిస్తే అదే” అన్న మర్యాదకి దాన్ని ఎదిరించే బలం లేదు. “ఇదిగో, ఈ మూల చూడండి, ఇక్కడ రంగు పలచబడింది” అని చూపించే మనిషికి మాత్రం ఉంటుంది.