చెవిలో చాటింపు

ప్రకటనల్లో నిజాయితీ ఉండాలని ఈ మధ్య చాలామంది గట్టిగా మాట్లాడుతున్నారు. మంచిదే. 1985లో పుట్టిన అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఒక నియమావళి తెచ్చింది. డబ్బు తీసుకుని సోషల్ మీడియాలో ఏదో ఒక సరుకును పొగిడేవాళ్లు అది ప్రకటన అని స్పష్టంగా రాయాలన్నది. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 నవంబరులో అదే సంస్థ ఆన్‌లైన్‌లో కొనేవాడిని బుట్టలో వేసే 13 రకాల ఎత్తులను పేరుపేరునా నిషేధించింది. వేషం మార్చుకుని వచ్చే ప్రకటన అందులో ఒకటి. వీటిని మేము తీసిపారెయ్యడం లేదు. అబద్ధం చెప్పి సరుకు అమ్మేవాడికి ఎక్కువగా దొరికిపోయేది పేదవాళ్లే.

కానీ ఈ కాగితాలన్నీ ఒకే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినవి. ఆ మనిషి ప్రకటన చూసినవాడు. అతనికి నిజం చెప్పారా, డబ్బులిచ్చింది ఎవరో చెప్పారా అని మాత్రమే వాటి విచారణ. ప్రకటన తన దాకా రానే రాని మనిషి ఈ నియమాల్లో ఎక్కడా లేడు. మా విమర్శ అతని వైపు నుంచి.

మన ఊళ్లలో చాటింపు అంటే అందరికీ వినబడేది. డప్పు కొట్టి కబురు చెప్పేవాడు చాలా ఊళ్లలో వాడ మనిషే. ఆ కబురు ఊరి పెద్దల అవసరం కోసమే కావచ్చు, చెప్పినందుకు అతనికి దక్కింది వెట్టి తప్ప ఇంకేమీ కాకపోవచ్చు. అయినా కబురును దాచడం మాత్రం కుదరదు. వేలం ఎప్పుడో, చెరువు నీళ్లు ఎప్పుడు వదుల్తారో వాడ కూడా వింటుంది. విని, అందులో మాకేది అని అడగొచ్చు. అడిగితే తన్నులు తినాల్సి రావచ్చు, అది వేరే సంగతి. ఇంటర్నెట్ ప్రకటన ఈ చాటింపును తీసుకెళ్లి ఎంచుకున్న చెవుల్లో మాత్రమే ఊదుతుంది. పక్కవాడికి ఏం చెప్పారో మనకు తెలియదు. చెప్పారన్న సంగతి కూడా తెలియదు.

పాత పద్ధతి గొప్పదని ఎవరూ అనుకోనక్కర్లేదు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, ఆ పత్రిక వస్తోందని ఒక ప్రకటన వేయమని 'కేసరి'ని అడిగారు. డబ్బు ఇస్తామన్నా కేసరి వేయలేదు. తిలక్ బతికున్న రోజులవి. స్వరాజ్యం జన్మహక్కు అన్న పత్రికకు అంటరానివాళ్ల పైసలు కూడా అంటుపడ్డాయి. అయితే ఒక్క విషయం గమనించాలి. అది ముఖం మీద చెప్పిన 'వెయ్యం'. వేయలేదని అంబేద్కర్‌కు తెలుసు, చరిత్రలోకి ఎక్కింది, వందేళ్ల తర్వాత మేము దాన్ని ఇక్కడ రాయగలుగుతున్నాం.

ఆదివారం పేపర్లలో పెళ్లి ప్రకటనలూ అంతే. కులం పట్టింపు లేదని ఉదారంగా రాసి, ఆ పక్కనే ఎస్సీ, ఎస్టీలు క్షమించాలి అని చేర్చే రకం మనందరం చూసినదే. హైదరాబాద్‌లో గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద 'ఓన్లీ వెజిటేరియన్స్' అని ఉంటుంది. చదివితే ఒళ్లు మండుతుంది. కానీ చదవగలుగుతున్నాం. ఫోటో తీయగలుగుతున్నాం, పేపరు ముక్క కత్తిరించి ఫైల్లో పెట్టుకోగలుగుతున్నాం. వెలి అనేది అక్షరాల్లో ఉంది కాబట్టి దానికి సాక్ష్యం ఉంది.

సాక్ష్యం అన్నది చిన్న మాట కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఎట్‌వెల్ 2007లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ప్రచురించిన పరిశోధన చూడండి. 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు దినపత్రికల్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలు తీసుకున్నారు. హైదరాబాద్ డెక్కన్ క్రానికల్ కూడా వాటిలో ఉంది. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం ఒకటే, పేర్లే తేడా. ఒక పేరు అగ్రకుల హిందువుది, ఒకటి దళితుడిది, ఒకటి ముస్లింది. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం 0.67 వంతు, ముస్లిం పేరుకు 0.33 వంతు. మెరిట్ గురించి ఉపన్యాసాలిచ్చే ప్రైవేటు రంగానికి ఇది చెంపపెట్టు. ఈ పరిశోధన ఎట్లా సాధ్యమైంది? ప్రకటన అందరికీ ఒకటే కాబట్టి. పరిశోధకుడికి కావాల్సిందల్లా పేపరు కొనుక్కోవడమే.

అమెరికాలో నల్లజాతి వాళ్లకు కూడా ఇట్లాగే ఒక పాత పేపర్ల కట్ట పనికొచ్చింది. అక్కడ 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం, ఇళ్ల ప్రకటనల్లో జాతిని బట్టి ఇష్టాయిష్టాలు చూపించడాన్నే నేరం చేసింది. న్యూయార్క్ టైమ్స్‌లో 20 ఏళ్లుగా పడిన ఇళ్ల ప్రకటనల్లో వేలాది బొమ్మలుంటే, ఇల్లు కొనుక్కునేవాళ్లంతా తెల్లవాళ్లే, నల్లవాళ్లు కనబడితే కాపలాదారుగానో పనివాడిగానో అని కొందరు కోర్టుకెళ్లారు. 1991లో అప్పీలు కోర్టు ఆ దావా నడవొచ్చని చెప్పింది. 'నల్లవాళ్లకు లేదు' అని ఎక్కడా రాయలేదు. బొమ్మలే సాక్ష్యం చెప్పాయి.

ఇప్పుడు ఫేస్‌బుక్ దగ్గరికి వద్దాం. 2016 అక్టోబరులో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ విలేకరులు ఇళ్లకు సంబంధించిన ఒక ప్రకటన కొన్నారు. ఎవరికి చూపించకూడదో ఎంచుకునే పెట్టెలో ఆఫ్రికన్ అమెరికన్లు, ఆసియన్ అమెరికన్లు, హిస్పానిక్‌లు అని టిక్కు పెట్టారు. 15 నిమిషాల్లో ఆమోదం వచ్చింది. ఆ పెట్టె పేరు జాతి కాదు, 'ఎథ్నిక్ ఎఫినిటీ'. జాతిని మేము అడగం, వాళ్లు ఏ పేజీలు మెచ్చుకున్నారో చూస్తాం, అంతే అని కంపెనీ వాదన. ఈ వాదన మనకు కొత్తదా? మీ కులం ఏమిటని అడగను గానీ మీరు ఏం తింటారు అని అడిగే ఇంటి ఓనరు మాటే ఇది.

సరిచేస్తామన్నారు. 2017 నవంబరులో మళ్లీ అదే సంస్థ డజన్లకొద్దీ అద్దె ప్రకటనలు కొని, నల్లవాళ్లను, యూదులను, స్పానిష్ మాట్లాడేవాళ్లను, చక్రాల కుర్చీ ర్యాంపుల మీద ఆసక్తి ఉన్నవాళ్లను బయట పెట్టింది. అన్నీ ఆమోదం పొందాయి. 2018లో ఫెయిర్ హౌసింగ్ సంఘాలు కోర్టుకెక్కాయి. 2019 మార్చిలో కంపెనీ రాజీపడింది. ఇళ్లు, ఉద్యోగాలు, అప్పుల ప్రకటనలకు వయసు, లింగం, పిన్‌కోడ్ చూసి మనుషుల్ని ఎంచుకోవడం ఆపుతామని ఒప్పుకుంది. ఊరికీ వాడకీ మధ్య గీత ఎక్కడుంటుందో తెలిసినవాళ్లకు పిన్‌కోడ్ ఎందుకు వచ్చిందో విడమర్చి చెప్పక్కర్లేదు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. 2019లోనే నార్త్‌ఈస్టర్న్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. ఎవరినీ బయట పెట్టకుండా, అందరికీ చూపించమని ఉద్యోగ ప్రకటనలు ఇచ్చారు. పంచే పని యంత్రానికే వదిలేశారు. సూపర్‌మార్కెట్‌లో క్యాషియర్ ఉద్యోగం చూసినవాళ్లలో 85 శాతం ఆడవాళ్లు. టాక్సీ ఉద్యోగం చూసినవాళ్లలో దాదాపు 75 శాతం నల్లవాళ్లు. కలప కోసే పని ప్రకటన చూసినవాళ్లలో 90 శాతం మగవాళ్లు, 72 శాతం తెల్లవాళ్లు. ఎవరు నొక్కుతారో లెక్కేసి యంత్రం వాళ్లకే చూపిస్తుంది, ఎందుకంటే నొక్కితేనే కంపెనీకి డబ్బు. సమాజం ఎవరికి ఏ పని అంటగట్టిందో యంత్రం దాన్నే నేర్చుకుని తిరిగి అంటగడుతోంది. కులవృత్తికి ఇంతకంటే మంచి నిర్వచనం మేము ఎక్కడా చదవలేదు. ఇందులో ద్వేషం లేదు. ఏ మేనేజరూ ఎవరినీ తిట్టలేదు. ఉన్నదల్లా లాభం.

ఇంకో పనిముట్టు ఉంది. పాత ఖాతాదారుల జాబితా ఇచ్చి, ఇట్లాంటివాళ్లను ఇంకొంతమందిని వెతికి పెట్టమని అడగొచ్చు. వినడానికి అమాయకంగా ఉంటుంది. కానీ ఆ పాత జాబితా నిండా ఒకే తరహా మనుషులుంటే? 'మావాళ్లలాంటి వాళ్లు' అనే మాటలో ఎవరు ఉంటారో, ఎవరు ఉండరో మన దేశంలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. 2022 జూన్‌లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం కింద మెటా ఇళ్ల ప్రకటనలకు ఈ రకం పనిముట్టు ఆపింది, పంపిణీలో తేడాలు తగ్గించే కొత్త వ్యవస్థ పెడతానంది. జరిమానా 1,15,054 డాలర్లు. ఆ చట్టం కింద వేయగలిగిన గరిష్ఠం అదే. ఆ ఏడాది మెటా రాబడి 116 బిలియన్ డాలర్ల పైమాట, అందులో నూటికి 97 పాళ్లు ప్రకటనల మీదే. లెక్క కడితే ఆ జరిమానా కంపెనీ అర నిమిషం సంపాదన.

మరి కంపెనీ ఏమీ చెప్పడం లేదా? చెప్తోంది. 'ఈ ప్రకటన నాకెందుకు కనబడుతోంది' అని అడిగే మీట పెట్టింది. ప్రకటనల గ్రంథాలయం అని ఒకటి తెరిచింది. మతం, జాతి, రాజకీయాలకు సంబంధించిన ఎంపికలు చాలా తీసేస్తున్నామని 2021 నవంబరులో ప్రకటించింది. అయితే ఆ మీట ప్రకటనతో పాటే వస్తుంది. ప్రకటన రానివాడు ఏ మీట నొక్కాలి? నాకెందుకు కనబడలేదు అని ఎవరిని అడగాలి?

అడగబోయినవాళ్లకు ఏం జరిగిందో కూడా చూద్దాం. న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, తమంతట తాము ఒప్పుకున్న వాడకందారుల నుంచి, ఏ రాజకీయ ప్రకటన ఎవరిని గురిపెట్టి వచ్చిందో సేకరించారు. కంపెనీ గ్రంథాలయంలో లేని సమాచారం అది. 2021 ఆగస్టులో ఫేస్‌బుక్ ఆ పరిశోధకుల ఖాతాలే మూసేసింది. ప్రజల గోప్యత కోసం, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఉత్తర్వు ప్రకారం చేశామంది. మా ఉత్తర్వును ఇందుకు సాకుగా వాడుకోవద్దని ఆ కమిషన్ అధికారే ఉత్తరం రాశాడు. మనుషుల ఇష్టాయిష్టాలన్నీ అమ్ముకుని బతికే కంపెనీకి లెక్క అడగ్గానే గోప్యత గుర్తొచ్చింది!

కనబడిన అవమానంతో ఎట్లా పోరాడాలో మనవాళ్లకు తెలుసు. 2023 జూన్‌లో పర్యావరణ దినం పేరుతో జొమాటో ఒక వీడియో విడుదల చేసింది. 'లగాన్' (2001)లో దళిత పాత్ర కచ్రాను వేసిన నటుడినే తీసుకొచ్చి, చెత్త నుంచి తయారైన వస్తువులుగా, దీపంగా, పేపర్ వెయిట్‌గా చూపించింది. దళితులు భగ్గుమన్నారు. రోజుల్లోనే వీడియో వెనక్కిపోయింది, జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసు ఇచ్చింది. కంపెనీ సంజాయిషీలో మా ఉద్దేశం మంచిదే అన్న పాత పాటే ఉంది, ఆ సంగతి అట్లా ఉంచుదాం. మనం గెలిచింది మన కంట పడింది కాబట్టి. అద్దె ఇల్లు, ఉద్యోగం, చదువుకు అప్పు, వీటి ప్రకటనలు మన కంటపడకుండా పోతే ఎవరి మీద భగ్గుమంటాం? కొందరు మిత్రులు అంటారు, అవమానం చదవాల్సిన బాధ తప్పింది కదా అని. మాకు కావాల్సింది ఓదార్పు కాదు, ఇల్లు.

చూపించకపోవడమే అన్యాయమని మన న్యాయస్థానం ఒకసారి గుర్తించింది, అదీ మన నేల మీది కేసులో. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో (1996) సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టకుండా, ఖాళీలను పేపర్లలో వేయాలి, నోటీసు బోర్డుల మీద పెట్టాలి, రేడియోలో టీవీలో చెప్పాలి, దరఖాస్తు పెట్టిన అందరినీ పరిశీలించాలి అన్నది. సర్కారీ కొలువుకు వర్తించిన ఈ న్యాయం ప్రైవేటు కంపెనీ గడప దగ్గర ఆగిపోతుంది. ఇళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఒక మతంవాళ్లకే సభ్యత్వం అని హౌసింగ్ సొసైటీ రాసుకున్న నిబంధనను 2005లో జొరాష్ట్రియన్ సొసైటీ కేసులో అదే సుప్రీంకోర్టు చెల్లుతుందన్నది.

ఇక సమాచార చట్టాల తీరు. 2019లో పార్లమెంటులో పెట్టిన వ్యక్తిగత డేటా బిల్లు కులాన్ని, తెగను సున్నితమైన సమాచారంగా పేర్కొంది. 2022లో ఆ బిల్లును ఉపసంహరించారు. 2023లో చేసిన డిజిటల్ డేటా చట్టంలో సున్నితం అనే తరగతే లేదు. ఇల్లు అద్దెకు అడిగిన ప్రతిచోటా 'మీరేమిట్లు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పి తీరాల్సింది మేము. ఆ జవాబును ఎట్లా వాడుకుంటున్నావని కంపెనీని అడిగేవాడు లేడు. నిజం చెప్పాల్సిన బాధ్యత ఎప్పుడూ మన వైపే ఉంటోంది.

అడగడం అసాధ్యమేమీ కాదు. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సర్వీసెస్ చట్టం 39వ అధికరణ, పెద్ద కంపెనీలు తాము చూపిన ప్రకటనలన్నీ అందరూ వెతుక్కునేటట్టు భద్రపరచాలంటుంది. ఎవరిని గురిపెట్టారో చెబితే చాలదు, ఎవరిని బయట పెట్టడానికి ఏ కొలతలు వాడారో కూడా అందులో ఉండాలి. ఆ ఒక్క షరతును మన దేశంలో ఉద్యోగాలు, అద్దె ఇళ్లు, అప్పుల ప్రకటనలకు వర్తింపజేయమని మేము అడుగుతున్నాం. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. ఎస్సీ కమిషన్‌కు రాజ్యాంగం 338వ అధికరణ కింద, విచారణ జరిపేటప్పుడు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. మనుషులను పిలిపించవచ్చు, పత్రాలు తెప్పించుకోవచ్చు. కచ్రా వీడియో మీద నోటీసు రాసిన ఆ కమిషనే హైదరాబాద్‌లో ఒక నెలపాటు నడిచిన అద్దె ఇళ్ల ప్రకటనలు ఎవరికి చూపించారు, ఎవరికి చూపించలేదు, ఏ లెక్కన అని కంపెనీలకు ఉత్తరం రాయొచ్చు.