కుంచె మొనలో ఎముక

చైనా అక్షరాలు ఎలా పుట్టాయంటే ఎవరైనా ముందు చెప్పేది నాలుగు కళ్ళ చాంగ్‌జియే కథ. పసుపు చక్రవర్తి కొలువులో లేఖకుడట, పక్షుల కాలిముద్రలు చూసి అక్షరాలు కల్పించాడట. సరే. చేతికి దొరికిన ఆధారాలు మాత్రం హెనాన్‌లోని అన్‌యాంగ్ దగ్గర బయటపడ్డ తాబేటి చిప్పలు, ఎద్దు జబ్బ ఎముకలు. షాంగ్ రాజులు యుద్ధం, వాన, పంట, చివరికి పంటినొప్పి గురించి కూడా ఎముకను కాల్చి, పగుళ్ళలో శకునం చూసి, అడిగిన ప్రశ్నను దానిమీదే చెక్కించారు. మూడు వేల ఏళ్ళు దాటిన మాట.

వాటిలో కొన్నిటి మీద కుంచెతో రాసి, చెక్కకుండా వదిలేసిన అక్షరాలున్నాయి. అంటే ఆ తొలి రోజుల్లోనే కుంచె ఉంది! అసలు కథానాయకుడు అదే.

క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి దేశాన్ని ఏకం చేశాక మంత్రి లీ సి ఒకే మందంతో వంపులు తిరిగే ముద్రలిపిని అందరికీ ప్రమాణం చేశాడు. అందంగానే ఉంటుంది, కానీ నత్తనడక. కచేరీ గుమాస్తాలకు అంత తీరిక ఎక్కడిది? వంపులు విరిచి గీతలు చేశారు. హాన్ శిలాశాసనాల్లో ఆ గుమాస్తా లిపి గీత పట్టుపురుగు తలలా మొదలై అడవిబాతు తోకలా లేస్తుందని అక్కడివాళ్ళే చెప్పుకుంటారు. ఆ తొందరలోంచే గొలుసుకట్టు కూడా పుట్టింది. ఇప్పుడు మనం పుస్తకాల్లో చూసే నిటారు లిపి స్థిరపడింది ఆ తర్వాతే. నిటారు లిపి చెడి గొలుసుకట్టు అయిందనుకునేవాళ్ళు కథను తలకిందులుగా చదువుతున్నారు.

ప్రతి అక్షరం ఒక బొమ్మ అనే ప్రచారం ఇంకొకటి. దాదాపు క్రీ.శ. 100 నాటికే నిఘంటుకారుడు షు షెన్ 9,353 అక్షరాలను 540 శీర్షికల కింద విడదీసి చూపాడు. వాటిలో అత్యధికం సగం అర్థాన్నీ సగం ధ్వనినీ మోసేవే.

ఇక చేతి సంగతి. ఒక్క అడ్డగీత చాలు, రాసినవాడెవడో తెలిసిపోతుంది. కుడికి వెళ్ళాల్సిన గీతకు మొనను ముందు ఎడమకు నెట్టాలి. నొక్కి, తిప్పి, అప్పుడు లాగాలి. చివర కొంచెం ఎత్తి, వచ్చిన దారిలోకే మొనను మళ్ళించి దాచాలి. మొన గీత నడిమధ్యనే నడవాలి. ఒరిగిందా, గీత చప్పబడిపోతుంది. ఆన్‌హుయ్ షువాన్ కాగితం సిరాను తాగేస్తుంది కాబట్టి దిద్దుకునే వీలు లేదు.   ఎముక లేకుండా కండ పెరిగిన గీతకు నాలుగో శతాబ్దపు వెయ్ అనే మహిళా గురువు పెట్టిందంటున్న పేరు 'సిరా పంది'.

ఆమె శిష్యుడే వాంగ్ షీజీ అంటారు. 353 వసంతంలో, ఏటి ఒడ్డున, మద్యం గోష్ఠిలో ఆయన రాసిన లాన్‌టింగ్ పీఠిక 324 అక్షరాలు. ఒకే అక్షరం దాదాపు ఇరవై చోట్ల వస్తే, వచ్చిన ప్రతిచోటా కొత్త రూపు! మూలప్రతిని తాంగ్ చక్రవర్తి తైజోంగ్ తనతో సమాధిలో పెట్టించుకున్నాడట. ఇప్పుడు లోకం మొక్కేది నకళ్ళకు.

నేను మాత్రం తాంగ్ కాలపు లేఖకుడు యాన్ చెన్‌చింగ్ పక్షం. శిలాశాసనాల్లో ఆయన అక్షరం కోటగోడలా నిలబడుతుంది: నిలువులు బలంగా, అడ్డగీతలు సన్నగా. 758లో అదే చెయ్యి, తిరుగుబాటుదారులు తల నరికిన అన్నకొడుకు కోసం నివాళి చిత్తుప్రతి రాసింది. మొదటి వరుసలు నెమ్మదిగా సాగుతాయి. తర్వాత కొట్టివేతలు, పక్కన చేర్పులు, సిరా ఎండినా ముంచడానికి ఆగని కుంచె, కాగితం మీద గీసుకుపోయిన పొడి వెంట్రుకల జాడలు. అందంగా రాయాలన్న ఆలోచన ఎక్కడా లేదు, అయినా ప్రతి గీతలోనూ ఎముక ఉంది. 2019లో దాన్ని తైపే నుంచి టోక్యో ప్రదర్శనకు పంపితే చైనాలోనూ తైవాన్‌లోనూ జనం భగ్గుమన్నారు. భగ్గుమనాల్సిందే.

ఆ యాన్ అక్షరాలను ఇవాళ కంప్యూటర్ ఫాంట్ చేసి దుకాణాల బోర్డుల మీద అచ్చు గుద్దుతున్నారు. పదిసార్లు వచ్చిన అక్షరం పదిసార్లూ ఒకటే! యంత్రం అచ్చేసిన కాగితపు చుట్టలు చేతిరాత పేరుతో అమ్ముడుపోతున్నాయి. పిచికారీతో సిరా చిమ్మి దాన్నీ కళ అంటున్నారు. చాలామంది 1956 నాటి సరళీకరణను తిడతారు. నేను తిట్టను. ఆ పొట్టి రూపాల్లో ఎన్నో పాత గొలుసుకట్టులోంచి తీసుకున్నవే. తిట్టాల్సింది ధ్వనిని రోమన్ అక్షరాల్లో కొట్టి, తెరమీద తేలినదాన్ని ఎంచుకునే అలవాటును. బాగా చదువుకున్నవాళ్ళు కూడా కలం పట్టేసరికి అక్షరం మరిచిపోతున్నారు.

2009లో ఈ కళ యునెస్కో జాబితాకెక్కింది. 2013లో చైనా విద్యాశాఖ మూడు నుంచి ఆరో తరగతి దాకా వారానికో పీరియడ్ కుంచెరాత నేర్పాలని మార్గదర్శకాలిచ్చింది. యాన్ గీతలోని ఆ ఎముక చేతికి పట్టుబడాలంటే వారానికో పీరియడ్ ఏ మూలకు? రోజూ ఒక పుట రాయించండి.